పిండాండం, బ్రహ్మాండం, మధ్యలో అమ్మగారి థైరాయిడ్ మాత్ర

గాజువాక నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అమ్మ ఆరు నెలలుగా ఒక ధ్యానం క్లాసుకి వెళ్తోంది. మనిషి ఒళ్ళు (పిండాండం) విశ్వానికి (బ్రహ్మాండానికి) అద్దమని, బయట ఉన్న సూర్యచంద్రులు, గ్రహాలు, నదులు అన్నీ లోపల ఉన్నాయని అక్కడ చెబుతున్నారు. థైరాయిడ్ అంటే గొంతు దగ్గర ఉండే విశుద్ధ చక్రం మూసుకుపోవడమేనట. పది రోజులుగా మాత్ర మానేసింది, హాయిగానే ఉంది అంటోంది. ఇందులో సైన్స్ ఎంత, శాస్త్రం ఎంత, కట్టుకథ ఎంత?"

ముందు మాత్ర సంగతి. రేపు పొద్దున్నుంచే మళ్ళీ వేయించండి. రాసిచ్చిన డాక్టరుకి ఫోన్ చేసి, మధ్యలో పది రోజులు మానేశారని దాచకుండా చెప్పండి. హాయిగా ఉండటానికి కారణం చక్రం తెరుచుకోవడం కాదు. ఆ మాత్రలో ఉండే థైరాక్సిన్ హార్మోన్ రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. పది రోజులంటే ఇంకా పాత నిల్వ మీద బండి నడుస్తోందన్నమాట. నీరసం, మలబద్ధకం, చలి, ముఖం ఉబ్బడం వారాల మీద మెల్లిగా వస్తాయి. అవి వచ్చేసరికి మాత్ర మానేసిన సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయి, వయసు మీద పడిందిలే అనుకుంటారు. ఇలాంటివి చాలా చూశాను.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను. ముప్పై ఏళ్ళకు పైగా మెడికల్ స్టూడెంట్లకి అనాటమీ చెప్పి రిటైరయ్యాను, పెదవాల్తేరులో ఉంటాను. మా మేనమామ భీమిలిలో సంస్కృతం మాస్టారు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆయన దగ్గరే గడిచాయి. కాబట్టి ఈ విషయంలో రెండు వైపులా మొట్టికాయలు తిన్నవాణ్ణి. మీరు సైన్స్, శాస్త్రం, కట్టుకథ అని మూడు పెట్టెలు పెట్టారు. మీ అమ్మగారికి చెప్పినదాంట్లో ఎక్కువ భాగం ఈ మూడింట్లోనూ పట్టదు. దానికి వాట్సాప్ అని నాలుగో పెట్టె కావాలి.

పాత గ్రంథాలు ఏమన్నాయో చూద్దాం. పురుషసూక్తం మీ ఇంట్లో ఏదో ఒక పూజలో వినే ఉంటారు. విరాట్ పురుషుడి మనసు నుంచి చంద్రుడు, కంటి నుంచి సూర్యుడు, ఊపిరి నుంచి వాయువు, నాభి నుంచి అంతరిక్షం, పాదాల నుంచి భూమి పుట్టాయంటుంది. ఐతరేయోపనిషత్తు దారిని తిరగేస్తుంది. అగ్ని వాక్కై నోట్లోకి, వాయువు ప్రాణమై ముక్కులోకి, సూర్యుడు చూపై కంట్లోకి, దిక్కులు వినికిడై చెవుల్లోకి వచ్చి చేరాయంటుంది. ఛాందోగ్యం ఇంకాస్త ముందుకెళ్ళి, బయటి ఆకాశం ఎంత ఉందో గుండెలోని ఆకాశమూ అంతే ఉందంటుంది.

వీటికంటే వైద్యుడిగా నాకు బాగా నచ్చేది చరక సంహిత. శారీర స్థానం 5వ అధ్యాయంలో ఆత్రేయుడు "పురుషోऽయం లోకసమ్మితః" అంటాడు, అంటే మనిషి లోకానికి సరిసమానం అని. లోకంలో ఎన్ని విశేషాలున్నాయో మనిషిలో అన్ని, మనిషిలో ఎన్ని ఉన్నాయో లోకంలో అన్ని. శిష్యుడు అగ్నివేశుడు తల ఊపి ఊరుకోడు. ఈ ఒక్క మాటతో మాకు అర్థం అందలేదు, వివరంగా చెప్పండి అంటాడు. మీరు అడిగినట్టే.

అప్పుడు ఆత్రేయుడు జాబితా చెబుతాడు. ఆకారం భూమి, తడి నీరు, ఒంటి వేడి అగ్ని, ప్రాణం వాయువు, లోపలి ఖాళీలు ఆకాశం. అక్కడి నుంచి అసలు మజా మొదలవుతుంది. లోకంలో ఇంద్రుడు ఎవరో మనిషిలో అహంకారం అది. సూర్యుడు ఆదానం, అంటే లోపలికి పీల్చుకునే గుణం. రుద్రుడు రోషం. సోముడు ప్రసన్నత. వసువులు సుఖం. అశ్వినులు కాంతి. మరుత్తులు ఉత్సాహం. చీకటి మోహం, వెలుగు జ్ఞానం. బాల్యం కృతయుగం, యవ్వనం త్రేత, ముసలితనం ద్వాపరం, రోగం కలియుగం, చావు యుగాంతం.

ఈ జాబితాని ఒకసారి డాక్టరు కళ్ళతో చదవండి. ఇందులో కాలేయం లేదు, మూత్రపిండం లేదు, గొంతులో గ్రంథి లేదు. తడి, వేడి, కోపం, ఉత్సాహం, ముసలితనం... మనిషి లోపల్నుంచి అనుభవించేవే ఎక్కువ. మరి దీనివల్ల ప్రయోజనం ఏమిటని అగ్నివేశుడు మళ్ళీ అడుగుతాడు. లోకాన్ని తనలో, తనని లోకంలో చూసేవాడికి నిజమైన బుద్ధి పుడుతుందని, సుఖదుఃఖాలకి కర్త తానే, మరొకరు కాదని తెలుస్తుందని గురువు జవాబు. రోగం కుదురుతుందని ఆయన అనలేదు. రోగాలకి అదే పుస్తకంలో చికిత్సా స్థానం అని వేరే ఉంది, 30 అధ్యాయాలు. పోలిక తలుచుకుంటేనే జ్వరం తగ్గేదైతే ఆ 30 అధ్యాయాలు రాయడం దండగ కదా?

పోలిక మోజులో పడితే ఏమవుతుందో కూడా మన గ్రంథాల్లోనే ఉంది. మనిషికి 360 ఎముకలని శతపథ బ్రాహ్మణం లెక్క. సంవత్సరానికి 360 రోజులు, అగ్నివేదికకి 360 ఇటుకలు, ఒంటికి 360 ఎముకలు. చరకుడూ పళ్ళు, గోళ్ళు కలుపుకుని 360 అనే అంటాడు. సుశ్రుతుడు మాత్రం, వేదవాదులు 360 అంటారు, శల్యతంత్రంలో, అంటే శస్త్రచికిత్స శాస్త్రంలో, మాకు 300 అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది. ఇవాళ పెద్దవాళ్ళకి 206 అంటున్నాం. సుశ్రుతుడు మృదులాస్థులూ పళ్ళూ కలిపాడు కాబట్టి ఆయన అంకె పెద్దది. అంకె సంగతి అలా ఉంచండి, ఆయన పద్ధతి చూడండి. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, నెమ్మదిగా పారే ఏట్లో ఏడు రాత్రులు నానబెట్టమన్నాడు. తర్వాత వట్టివేళ్ళు, వెంట్రుకలు, వెదురుతో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం దగ్గర్నుంచి ఒక్కో పొరా కంటితో చూడమన్నాడు. పంచాంగం చూసి ఎముకలు లెక్కపెట్టమనలేదు.

వెన్నుపూసలు 33, దేవతలు 33, చూశారా అని ఈ మధ్య ఎవరో పంపారు. దేవతల లెక్క 8 మంది వసువులు, 11 మంది రుద్రులు, 12 మంది ఆదిత్యులు, మరో ఇద్దరు. వెన్నుపూసలు మెడలో 7, వీపులో 12, నడుములో 5, కింద కలిసిపోయేవి 5, తోకలో 4. తోకలో కొందరికి 3, కొందరికి 5 కూడా ఉంటాయి. వాళ్ళకి ఒక దేవత తక్కువా, ఎక్కువా? పెద్దయ్యేసరికి కింది పూసలు అతుక్కుని మొత్తం 26 అవుతుంది. అప్పుడు మిగతా ఏడుగురూ ఎక్కడికి వెళ్ళినట్టు?

మన తెలుగువాళ్ళకి ఈ విషయంలో ఒక భయంకరమైన కథ ఉంది. బ్రహ్మంగారు సిద్దయ్యకి దేహంలోని చక్రాలు, వాటిలో ఉండే దేవతల గురించి చెబుతుంటే కక్కయ్య చాటుగా విన్నాడు. నిజమో కాదో తేల్చుకుందామని ఇంటికి వెళ్ళి, నిద్రపోతున్న భార్యని కోసి చూశాడు. నెత్తురు, మాంసం, పేగులు. దేవతలూ లేరు, పద్మాలూ లేవు. ఇదంతా మోసం అని మఠానికి పరుగెత్తాడు. బ్రహ్మంగారు వచ్చి ఆ దేహంలోనే దేవతల్ని చూపించి ఆమెని బతికించారని కథ ముగుస్తుంది. చిన్నప్పుడు హరికథలో విని నేను భార్య బతికిందా లేదా అన్నదే పట్టించుకున్నాను. డిసెక్షన్ హాల్లోకి అడుగుపెట్టాక మాత్రం నాకు కక్కయ్య తరచూ గుర్తుకొచ్చేవాడు.

ఇలాంటిది చరిత్రలోనూ జరిగింది, ప్రాణం మీదికి రాకుండా. ఆర్యసమాజం పెట్టిన దయానంద సరస్వతి, యువ సన్యాసిగా గంగ ఒడ్డున తిరిగే రోజుల్లో నాడీచక్రాల గురించిన పుస్తకాలు వెంట పెట్టుకుని తిరిగేవారు. ఒకరోజు నదిలో శవం కొట్టుకొస్తుంటే ఒడ్డుకి లాగి, కత్తితో కోసి, పుస్తకంలో ఉన్నదానితో ఒక్కో భాగాన్నీ పోల్చి చూశారు. ఎక్కడా కలవలేదు. పుస్తకాలు చింపి శవంతోపాటు నదిలో పారేశారు. ఈ సంగతి ఆయనే స్వయంగా చెప్పుకున్నారు.

మా హాల్లోనూ ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడిగేవారు. ఒకసారి ఒక అమ్మాయి, ఫార్మలిన్ ఘాటుకి కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, గుండె చేతిలో పట్టుకుని "సార్, అనాహతం ఇందులో ఏది?" అంది, గుండె దగ్గర ఉంటుందనే చక్రం గురించి. మిగతావాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. గుండె గదులు నాలుగూ తెరిచి చూపించి, వాల్వులు పట్టి ఉంచే తెల్లటి దారాలు చూపించి, "నాకు తెలిసింది ఇంతవరకేనమ్మా" అన్నాను. అది తప్పించుకునే జవాబని అప్పుడే అనిపించింది. సరైన జవాబు నాకు మా మావయ్య అంతకు చాలా ఏళ్ళ ముందే చెప్పాడు. చెబుతాను, కాస్త ఆగండి.

అన్నట్టు, కత్తి పట్టినవాళ్ళకి ఈ పోలికల పిచ్చి లేదనుకోకండి. పుర్రెని మోసే మొదటి వెన్నుపూస పేరు అట్లాస్. ఆకాశాన్ని భుజాల మీద మోసిన గ్రీకు పురాణ దేవుడి పేరు అది. పొట్ట పైభాగంలో నరాల ముడి ఒకటి నాలుగు వైపులా కిరణాల్లా విచ్చుకుని ఉంటుంది. దాన్ని సోలార్ ప్లెక్సస్ అన్నారు. ఒంట్లో సూర్యుణ్ణి వాళ్ళూ చూశారు. కాకపోతే దాని మీద మందుల వ్యాపారం పెట్టలేదు.

ఇక విశుద్ధ చక్రం, థైరాయిడ్. చక్రాల గురించి ఇవాళ లోకమంతా చెప్పుకునేదానికి ముఖ్యమైన ఆధారం పూర్ణానంద యతి 1577లో రాసిన షట్చక్ర నిరూపణం. దాన్ని సర్ జాన్ వుడ్రఫ్, ఆర్థర్ అవలాన్ అనే కలం పేరుతో 1919లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో ఆరు పద్మాలకి రేకులు 4, 6, 10, 12, 16, 2. కూడితే 50. అవి మన అక్షరాలు. ఒక్కో రేకు మీద ఒక్కో అక్షరం. కింది అయిదు చక్రాలకి వరసగా భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. అంటే అన్నిటికంటే అడుగున ఉన్న మూలాధారం నుంచి పైకి వెళ్ళే సాధకుడు గట్టి నుంచి సూక్ష్మానికి వెళ్తున్నాడు. సృష్టి ఆకాశం నుంచి భూమికి దిగిందని తైత్తిరీయం చెబుతుంది కదా, అదే మెట్లు ఎక్కి వెనక్కి పోవడం. వెన్నెముక మేరువు, నాడుల్లో ఇడ గంగ, పింగళ యమున, సుషుమ్న సరస్వతి అన్నది కూడా ఈ ప్రయాణం కోసమే. దీన్ని భావించమన్నారు, అంటే మనసులో కట్టుకోమన్నారు. విశుద్ధ పద్మం రంగు అందులో పొగ కలిసినట్టుండే ఊదా. క్లాసుల్లో గోడలకి తగిలించే ఇంద్రధనుస్సు రంగులు ఆ పుస్తకంలో లేవు, అవి 20వ శతాబ్దంలో పడమటి దేశాల్లో పూసినవి. ఒక్కో చక్రానికి ఒక్కో గ్రంథిని అంటగట్టడమూ కొత్త పనే. హార్మోన్ అన్న మాట పుట్టిందే 1905లో. 16వ శతాబ్దపు యతికి థైరాక్సిన్ అంటగడితే ఆయనకీ అన్యాయమే, మీ అమ్మగారికీ అన్యాయమే.

పౌర్ణమినాడు ఒంట్లో నీళ్ళు పొంగుతాయన్న మాట కూడా ఆ క్లాసులో చెప్పే ఉంటారు, ఎక్కడైనా చెబుతారు. మన ఒడ్డున పుట్టినవాళ్ళం కాబట్టి దీనికి జాలరిపేటలో ఏ పెద్దాయన్ని అడిగినా చాలు. పౌర్ణమికి ఎంత పోటు వస్తుందో అమావాస్యకీ అంతే వస్తుంది. మరి అమావాస్యకి ఒంట్లో ఎందుకు పొంగదు? చంద్రుడు భూమికి ఇటువైపు ఎక్కువగా, అటువైపు తక్కువగా లాగుతాడు. మధ్యలో దూరం 12,700 కిలోమీటర్లు. ఆ తేడాకే సముద్రం కదులుతుంది. తలకీ కాలికీ మధ్య ఉన్న అయిదారు అడుగుల్లో ఆ తేడా ఏమీ మిగలదు. మీ మేడ మీది వాటర్ ట్యాంకులో ఎప్పుడైనా పోటు వచ్చిందా?

మెదడు కణమూ విశ్వమూ ఒకేలా ఉన్నాయని పక్కపక్కన పెట్టి ఫోన్లలో తిప్పే బొమ్మ గురించి ఒక్క మాట. అందులో విశ్వం వైపు ఉన్నది ఫొటో కాదు, కంప్యూటర్ లెక్కలతో గీసిన బొమ్మ.

నిజమైన చుట్టరికం లేకపోలేదు. ఒంట్లో మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది. గాజువాకలో ఉండేవాళ్ళకి ఇనుము గురించి నేను చెప్పక్కర్లేదు కానీ, స్టీల్ ప్లాంటులో కరిగేదైనా, నెత్తుట్లో తిరిగేదైనా, ఒకప్పుడు నక్షత్రాల్లో తయారైందే. ఎముకల్లో కాల్షియం కూడా అంతే. సూర్యుడు కంట్లో ఉన్నాడన్న మాటకి దగ్గరగా వచ్చేది ఇంకొకటి ఉంది. కంటి నరాలు దాటే చోటికి కాస్త పైన, మెదడు అడుగున, సుమారు 20 వేల కణాల చిన్న గుత్తి ఒకటుంది. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే అది ఒంటి గడియారాన్ని సరిచేస్తుంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి అన్నీ దాని మాట వింటాయి. కణాల్లో ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. పొద్దున్నే ఆర్‌కే బీచ్‌లో తూర్పుకి తిరిగి నడిచేవాళ్ళని చూస్తే నాకు ఈ గుత్తి గుర్తొస్తుంది.

ఇప్పుడు మావయ్య సంగతి. నేను హౌస్ సర్జన్సీ చేస్తున్న రోజులు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కత్తి పట్టిన కొత్తలో నాకన్నీ తెలుసన్న పొగరు. మార్గశిరం, గురువారం. అమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి నుంచి తెచ్చిన కుంకుమ, ప్రసాదం ఇచ్చి రమ్మంటే భీమిలి వెళ్ళాను. మావయ్య డాబా మీద చాప వేసుకుని కూర్చున్నాడు. మాటల్లో, ఒంట్లో ఉన్నాయని యోగులు చెప్పే 72 వేల నాడుల ప్రస్తావన వచ్చింది. "మావయ్యా, నేను కోసి చూశాను. లేవు" అన్నాను. ఆయనకి కోపం రాలేదు.

"చేతికి గడియారం ఉందేట్రా?"

"ఉంది."

"అదిగో గొల్లకావడి. సముద్రం మీంచి లేస్తోంది. చెయ్యి చాపి, దానికీ నీటి గీతకీ మధ్య ఎన్ని వేళ్ళు పడుతున్నాయో చూసుకో. ఇప్పుడు 360 ఊపిర్లు లెక్కపెట్టు. బలవంతంగా పీల్చకు, మామూలుగా."

వరసగా మూడు చుక్కలు, సముద్రానికి రెండు వేళ్ళ ఎత్తున ఉన్నాయి. లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పాను, మళ్ళీ మొదటికొచ్చాను. మూడోసారి 360 పూర్తయ్యేసరికి గడియారంలో 19 నిమిషాలు. మావయ్య నవ్వాడు. "నీది పరుగు ఊపిరి. 24 నిమిషాలు పట్టాలి. ఒక ఘడియ."

లెక్క ఇది. ఆరోగ్యంగా, స్థిమితంగా ఉన్న మనిషి ఒక ఊపిరికి పట్టే కాలాన్ని మన జ్యోతిష గణితంలో ప్రాణం అంటారు. పది గురువక్షరాలు పలికేంత సేపు. ఆరు ప్రాణాలు ఒక విఘడియ, 60 విఘడియలు ఒక ఘడియ, 60 ఘడియలు ఒక రోజు. 6 ఇంటూ 60 ఇంటూ 60, మొత్తం 21,600. యోగులు అజపా జపం అని, రోజుకి 21,600 సార్లు ఊపిరే 'హంస' మంత్రం జపిస్తోందని చెప్పే అంకె ఇదే. ఇప్పుడు ఆకాశం వైపు చూడండి. చుట్టూ 360 డిగ్రీలు, డిగ్రీలో 60వ వంతుని కల అంటారు, డిగ్రీకి 60 కలలు. 360 ఇంటూ 60, మళ్ళీ 21,600. ఆర్యభటుడు 499లో దీన్ని ఒక్క ముక్కలో కట్టాడు: "ప్రాణేనైతి కలాం భూః". ఒక ప్రాణంలో భూమి ఒక కల తిరుగుతుంది. భూమి తిరగడమేమిటని ఒప్పుకోలేని కొందరు తర్వాతివాళ్ళు 'భూః' తీసేసి 'భం' అని, అంటే చుక్కల మండలం అని దిద్దారు. ఎవరు తిరిగినా లెక్క మారదు. నాలుగు సెకన్ల ఊపిరిలో ఆకాశం ఒక కల జరుగుతుంది. 360 ఊపిర్లకి ఆరు డిగ్రీలు, చాపిన చేతికి మూడు వేళ్ళ కంటే కాస్త ఎక్కువ.

ఆ రాత్రి ఆయన చెప్పిందాన్ని అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. "అయితే మనిషి ఊపిరి ఆకాశంతో కలిసే ఉందంటావా మావయ్యా?" అని అడిగాను. "లేదురా. నీది 19 నిమిషాలే వచ్చింది కదా. నాకూ జ్వరం వస్తే తప్పుతుంది, మీ అత్తతో గొడవైతే తప్పుతుంది. ఆకాశం నీలో ఉందో లేదో నాకు తెలీదు. ఆకాశం నడకకి నీ ఊపిరిని సరిపెట్టుకోవచ్చు, అంతవరకు తెలుసు. అది కోస్తే ఎలా కనబడుతుంది?"

డిసెక్షన్ హాల్లో ఆ అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబు ఇదే.

మీరు ఎప్పుడైనా కార్తీకంలో శివాలయానికి వెళ్తే, రుద్రాభిషేకానికి ముందు చేసే లఘున్యాసం విని చూడండి. అందులో "అగ్నిర్మే వాచి శ్రితః" అన్న భాగం వస్తుంది. అగ్ని నా వాక్కులో ఉన్నాడు. వాయువు నా ప్రాణంలో, సూర్యుడు నా కంటిలో, చంద్రుడు నా మనసులో, దిక్కులు నా చెవుల్లో, భూమి నా ఒంట్లో, ఓషధులూ చెట్లూ నా రోమాల్లో, ఇంద్రుడు నా బలంలో, వానదేవుడు నా తలలో, ఈశానుడు నా కోపంలో. చరకుడు రుద్రుణ్ణి రోషంలో పెట్టాడని పైన చెప్పాను కదా, ఇక్కడా అదే. ఇది చదువుతూ మావయ్య ఒక్కో చోట చేత్తో తాకేవాడు. చేతి మీది రోమాల్లో చెట్లు మొలిచాయని ఆయన ఏనాడూ అనుకోలేదు. అంతకంటే ముఖ్యం, ఏ వాక్యమూ పోలికతో ఆగదు. అగ్ని వాక్కులో, వాక్కు హృదయంలో, హృదయం నాలో, నేను అమృతంలో, అమృతం బ్రహ్మంలో అని ప్రతిసారీ లోపలికి వెళ్ళి బయటపడుతుంది. ఇందులో 'నేను' మధ్యలో ఒక మజిలీ మాత్రమే. క్లాసుల్లో చెప్పే పిండాండం ఆ మజిలీలోనే మకాం వేస్తుంది. నాలో సూర్యుడు, నాలో గంగ, నా చక్రం అంటూ.

మావయ్య పోయినప్పుడు కళ్ళు దానం చేశాం, ఆయనే రాసిపెట్టాడు. ఆరు గంటల్లోపు తీయాలి కాబట్టి నేనే దగ్గరుండి చూసుకున్నాను. శ్మశానంలో పురోహితుడు "సూర్యం చక్షుర్గచ్ఛతు" దగ్గరికి వచ్చాడు. కన్ను సూర్యుడిలోకి, ఊపిరి గాలిలోకి వెళ్ళుగాక అని. ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన చదువుకుంటూ వెళ్ళిపోయాడు.

మీ అమ్మగారితో గొడవ పెట్టుకోకండి. ధ్యానం మానెయ్యమని అస్సలు అనకండి. నెమ్మదిగా ఊపిరి మీద మనసు పెడితే గుండె దడ, టెన్షన్ తగ్గుతాయని మేమూ ఒప్పుకుంటాం. థైరాయిడ్ గ్రంథి మాత్రం దానివల్ల మళ్ళీ పనిచేయడం మొదలుపెట్టదు. మాత్ర మళ్ళీ మొదలుపెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి, అంతకు ముందు చేయిస్తే అంకె సరిగ్గా తెలీదు. కాల్షియం, ఐరన్ బిళ్ళలు వాడుతుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్ర పొద్దున లేవగానే ఖాళీ కడుపుతో, నీళ్ళతో వెయ్యాలి. కాఫీ కనీసం అరగంట ఆగాక. చాలామంది ఆడవాళ్ళు ఈ అరగంట ఆగలేకే మాత్ర మీద విసుక్కుంటారు. ఆ సమయంలో తూర్పుకి తిరిగి కూర్చుని 360 ఊపిర్లు లెక్కపెట్టమనండి. మొదట్లో 19 నిమిషాల్లోనే అయిపోతాయి. ఘడియ పట్టే రోజుకి కాఫీ వేళా అవుతుంది.